రఘునాథ్ సారు ఎనక సీట్ల నేను

"చెల్లె రాజమణీ, చాయ్ జర మరగనియ్యి, నేను చెప్పేది ఇను. నీ బిడ్డ వర్షిణికి ఫైటర్ పైలట్ ట్రైనింగ్ వచ్చిందని తొర్రూరు బస్టాండంత మురుస్తాంటే, రేపు పొద్దుగాల దుండిగల్ పోవాల్సిన పిల్లను పంపనని కూసుంటివి. ఎందుకంత భయం? ఎయిర్ ఫోర్స్ క్యాంటీన్ల చేసి రిటైరైన సోమనర్సయ్యను, నేను జూడని ఇమానమా? మా రఘునాథ్ సారు కొత్తగ పైలటై వచ్చిననాడు ఇమానం అద్దం తుడిచింది నేనే."

"అద్దం తుడిచినవంటే నమ్ముతం," అన్నాడు ఆటో ఆపి చాయ్‌కి వచ్చిన ఐలేశ్.

"ఆగు. ఓనాడు సారు, నువ్వు లేంది నాకు చెయ్యాడదని నన్ను ఎనక సీట్ల కూసోవెట్టుకున్నడు. కొడకండ్ల మీదికి రాంగనే ఇంజన్ బందైంది. సారు పరేషాన్. నేనేం జేసిన్నో తెలుసా? చెయ్యి బయటవెట్టి, మా బర్రెను సరిచినట్టు రెక్క మీద రెండు సరిచిన. గుర్రుమన్నది. సారుకు వింగ్ కమాండర్ ప్రమోషన్."

"చెయ్యి బయటవెట్టినవా, బస్సుల లెక్క?"

"మరెట్ల సరుస్తర్రా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరిపెడ కాడ ఇమానం తలకిందులు తిప్పి తాటిచెట్ల మీదికెల్లి వస్తాంటే కల్లు లొట్టి చేతికందింది. సుక్క ఒలకలే. సారు గ్రూప్ కెప్టెన్. ఇగ ఆఖరుకు ఎంత స్పీడు పోయినమంటే, ఢిల్లీ పోయి తిరిగొచ్చి దిగేటాలకు, మేమిద్దరం ఇంక అదే ఇమానం ఎక్కుతనే ఉన్నం. నాకు నేనే దండం వెట్టిన. గసొంటాయన్ను ఎయిర్ మార్షల్ జెయ్యక ఏంజేస్తరు?"

రాజమణి గ్లాసు సోమనర్సయ్య ముందు పెట్టింది.

"అన్నా, మొన్న కురవి జాతరల జెయింట్ వీల్ ఎక్కి, అది పైకి లేవంగనే కండ్లు మూసుకొని, 'నన్ను దించుండ్రి' అని జాతరంత ఇనేటట్టు మొత్తుకున్నది ఎవలు?"

ఐలేశ్‌కు చాయ్ పొలమారింది. బెంచీ మీదున్నవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు.

"గాలి జోరుండె చెల్లె," అని గొణిగాడు సోమనర్సయ్య.

రాజమణి కూడా పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది.

"నీ పక్కన కూసొని నీ చెయ్యి వట్టుకున్నది నా బిడ్డనే గదా. 'ఏం గాదు మామా, కిందికి జూడు, ఊరు ఎంత ముద్దుగున్నదో' అన్నది. కిందున్న నాకు ఇనవడ్డది." కొంగుతో చేతులు తుడుచుకుంది. "దానికి భయం లేదన్నా. ఉన్నదంత నాకే. జర పొయ్యి చూస్తుండు, పోయి దాని బట్టలు సదురుత."