కుట్టిన కీబోర్డు

కళ్యాణదుర్గంలో తన టైలరు అంగట్లో కూర్చుని, భార్య వనజాక్షి కోసం తాను కుట్టిన కీబోర్డు కుట్లనే అతను విప్పుతున్నాడు. పాత కీబోర్డు గట్టి డబ్బా తీసేసి, లోపలి ప్లాస్టిక్ పొరల్ని గుడ్డలో పెట్టి, సంచిలో చుట్టి పెట్టుకునేలా కుట్టిచ్చి వారం కూడా కాలేదు. వనజాక్షి గడప బయటే నిలబడింది, లోపలికి రాలేదు.

“ఎప్పుడు చెడిపోయింది?”

“నిన్న ఆఫీసులో. ఒక అక్షరం నొక్కితే నాలుగు పడతాండాయి.”

“లోపలంతా తడి ఉండాది గదే! వాన మొగం చూసి ఎన్నాళ్ళాయ, నీళ్ళు యాడివి?”

“బాటిల్ ఒలికిందేమో.”

“ఒలికితే ఒక మూల తడుస్తాది. ఇది మొత్తం నానిపోయిండాది. నా కుట్టే వదులైందేమో. అంచుకు ఇంకో వరస ఏసుంటే బాగుండు.”

“నీ కుట్టుదేం తప్పు లేదు.”

“ఆఫీసోళ్ళు చూసినారా?”

“చూసినారు.”

“ఏమన్నారు?”

ఆమె చెప్పులకేసి చూసుకుంది. అతను గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టాడు.

“పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిచ్చినా గదా. అదేదీ?”

“కీబోర్డుకు బొట్టేందని అందరూ నవ్వినారు. కొళాయి కింద పెట్టి కడిగేసినా.”

అతను తడి పొరల్ని ఒక్కొక్కటే విడదీసి ఫ్యాను కింద పరిచాడు. తర్వాత కొత్త గుడ్డ తీసుకుని టేపు పెట్టి కొలిచాడు.

“ఆరినాక మళ్ళా కుడతాలే. ఈసారి బొట్టు పెట్టను.”