దేముడమ్మ నోట్లో దూది

ఒసే, తొడ గిల్లితే ఏటొస్తాది సెప్పు? నోరు ముయ్యమనా? ముయ్యమన్నది నిన్ను, నన్ను కాదు. ఆ డాక్టరమ్మ ఏటన్నాది? "మామ్మా, ఈ దూది గంటసేపు గట్టిగా కొరికి పట్టుకో, మాట్లాడకు, ఉమ్మకు" అన్నాది. "తాతా, నువ్వు కూడా మాట్లాడకు" అన్నాదేటి? అననేదు. మరింకేటి!

ఓలమ్మా, ఏటే ఆ సూపు! దూది అంటుకుపోతాది, అలగ సూడకు.

గోడ మీద గడియారం సూసినావా? రెండూ పది. మూడూ పది దాకా ఈ బెంచీ మీద నాదే రాజ్యం. మన పెళ్ళయి నలబై ఏళ్ళయినాది కదే దేముడమ్మా, ఈ నలబై ఏళ్ళలో నాను మొదలెట్టిన మాట ఒక్కటైనా సివరాకరికి ఎల్లనిచ్చినావా? "అది కాదే" అని నానంటే "ఏది కాదు మావా?" అని నువ్వు. అంతే, నా ఊసు అక్కడ సచ్చిపోవడం, నీ ఊసు అక్కడ పుట్టడం. ఇయాల దేముడు నా వైపు తిరిగినాడు. గంట! ఒక నిండు గంట!

నవ్వకే! నవ్వితే నెత్తురొస్తాది.

అయినా తొమ్మిదా! ఒక్క కూకుడులో తొమ్మిది పళ్ళు పీకించుకున్న ఆడమనిసి శ్రీకాకుళంలో ఎవుత్తైనా ఉన్నాదేటి, రమ్మను. అదిగో, ఆ మూల కూకున్నాడు సూడు మీసాలాయన, ఒక్క పన్నుకి దవడ సేత్తో పట్టుకుని దూడలాగ మూలుగుతన్నాడు. ఇందాకే ఎల్లి సెప్పొచ్చినాను, "బాబూ, ఆ దూది కొరుక్కున్నామె మా ఇంటిది, తొమ్మిది పీకినారు, కిక్కురుమననేదు" అని. అతగాడు మూలగడం మానీసినాడు. సిగ్గొచ్చినాది మరి.

నాను తలుపు సందులోంచి అంతా సూసినాను. ఆ శ్రావణి డాక్టరమ్మ మన కూతురు యమున కన్నా సిన్నది, సేతులు సూస్తే మునక్కాడలు. ఎనిమిది పళ్ళు పుచ్చిపోయి ఊగుతన్నాయి గాబట్టి టపటపా వొచ్చీసినాయి. తొమ్మిదోది? కదిల్తేనా! ఆ పిల్ల ఒక కాలు కుర్సీకి తన్ని పెట్టి లాగినాది. రానేదు. లీలారాణి సిస్టరొచ్చి "ఏసయ్యా" అని డాక్టరమ్మ నడుం పట్టుకుని లాగినాది. రానేదు. ఆ సిస్టర్ నడుం పట్టుకుని ఎక్స్‌రే గదాయన లాగినాడు. అప్పుడొచ్చినాది! బిల్డింగు ఒక్కసారి కదిలినాది. కింద మందుల షాపులో సీసాలు దొర్లిపోనాయంట.

ఏటి, అబద్దమా? నీకేటి తెలుసు, నువ్వు కళ్ళు గట్టిగా మూసీసుకున్నావు.

నాను ముందే సెప్పినాను డాక్టరమ్మకి. "అమ్మా, జాగర్త, అవి మామూలు పళ్ళు కావు. నౌపడ ఉప్పు మళ్ళల్లో పనిసేసిన పళ్ళు. స్టేషన్లో గూడ్సు బండి ఎనక్కి జారిపోతంటే, ఈవిడ సివరి పెట్టెకి తాడు కట్టి, ఆ తాడు పళ్ళతో పట్టుకుని నిలబడిపోనాది, గార్డు దిగొచ్చి దండం పెట్టినాడు" అని. ఆ పిల్ల రాసుకుంటన్నాది అనుకున్నాను. ఏదో వేరే రాసుకుంటన్నాది.

సరే, సరే, కాలు తొక్కకు. అసలు సంగతికొస్తన్నాను.

పొద్దున్న రైల్లో ఏటన్నావు నువ్వు? ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కినాక మళ్ళీ ఏటన్నావు? ఆటోవోడు కూడా ఎనక్కి తిరిగి సూసినాడు. "నొప్పెడతన్నాయి గాబట్టి పళ్ళు పీకించుకుంటాను. కరెంటుకి మాత్రం రాను. నలబై రెండేళ్ళు నా నోరు నానే కాల్సుకున్నాను, సాలదేటి, మళ్ళీ డాక్టర్లు కాల్సాలా?" అన్నావు. మాట బాగున్నాది, నాకే తట్టనేదే అని కుళ్ళుకున్నాను కూడా. గాని దేముడమ్మా, అంగిట్లో ఉన్నది మామూలు పుండు కాదు కదే. కేన్సరని ముక్క కోసి సూసి మరీ సెప్పినారు కదా. ఈ పళ్ళెందుకు పీకినారు మరి? కరెంటు, అదే ఆ రేడియేషన్, పెట్టినాక పీకితే దవడెముక మానదంట. అందుకని ముందు పుచ్చు పళ్ళు తీసీడం, మూడు వారాలు సిగుళ్ళు మానడం, అప్పుడు ముప్పై మూడు రోజులు కరెంటు. పళ్ళు పీకించుకుని కరెంటుకి రానంటే, దుక్కి దున్నీసి ఇత్తనం జల్లకుండా ఇంటికెళ్ళి తొంగున్నట్టు.

కరెంటంటే నీకు భయం గాని, నాను కనుక్కున్నాను. ఇజీనారం కాడ ఒకాయన ముప్పై మూడూ పెట్టించుకుని ఇంటికొచ్చినాడంట. ఇంట్లో కరెంటు పోనాది. ఆయన బల్బు పళ్ళ మజ్జిని పెట్టుకుంటే వీధి వీధంతా ఎలిగిపోనాదంట! ఆ సందల ఆ వీధిలో పెళ్ళి కూడా సేసీసినారు, ఆయన్ని మండపంలో కూకోబెట్టి. పిల్లలు సెల్లుఫోన్లు తెచ్చి ఆయన బుగ్గకి ఆనిస్తే నిండిపోతన్నాయంట. నువ్వొచ్చినాక మనింటికి మీటరే అక్కర్నేదు.

ఉమ్మకు! ఉమ్మకూడదన్నారు! నవ్వొస్తే ముక్కుతో నవ్వు.

ముక్కంటే గుర్తొచ్చినాది. నిన్ను మొట్టమొదట సూసినప్పుడు ముక్కే సూసినాను. ఉప్పు మడిలో వొంగుని, రెండు సేతుల్తో కర్ర పట్టుకుని ఉప్పు లాగుతన్నావు. నోట్లో సుట్ట కనపడదు, ముక్కులోంచి మాత్రం పొగ! ఓరి నాయనో, ఈ ఆడగుంట రైలింజనేటి అనుకున్నాను. తీరా దగ్గిరికొస్తే, సుట్ట అగ్గి వైపు నోట్లో ఎట్టుకుని, కాల్సని వైపు బయటికి. అడ్డపొగ. మా అమ్మ కాల్సీది, నా తోడబుట్టిన అప్ప కాలుస్తాది, గాని నీలాగ కాల్సినోళ్ళని నాను సూడనేదు. సముద్రం గాలికి ఆరిపోదు. సేతులు ఉప్పునీళ్ళల్లో ఉన్నా సరే, నాలిక తోనే తిప్పుకుంటావు. బూడిద ఒక్క రవ్వ రాలదు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ గుంటకి నానే సుట్ట సుడతానని. ఆకు ఈనె తీసి, తడి సరిగ్గా పట్టించి, సన్నంగా, గట్టిగా, దారం బిగించి. లోపల తడికి ఇప్పుకోకూడదు, పెదాలకి బరువవకూడదు. టెక్కలి సంతలో ఈ ఎల్లాజీ సుట్ట అంటే జనం తోసుకుని వొచ్చీవోరు కాదేటి? ఒరిస్సా నుంచి జమీందార్లు ఏనుగు మీద వొచ్చి పట్టుకెళ్ళీవోరు కాదేటి?

సరే, ఏనుగు కాదు. సైకిలు. గాని వొచ్చినాడు కదా ఒకడు.

ఆ గిల్లుడు ఎందుకో తెలుసు నాకు. ఇందాక ఓపీ సీటీ రాసిన కాడ "రోజుకెన్ని కాలుస్తుంది?" అనడిగితే నాను "ఇరవై" అన్నానని. నువ్వు కాల్సీవి నాలుగే, నాకెరికే, సుట్టీవోణ్ణి నాను కదా! గాని నలుగుర్లో నాలుగంటే ఏం బాగుంటాది? నా పెళ్ళానివి. ఆ రాసే పిల్ల పెన్ను ఆపీసి నన్ను ఎగాదిగా సూసినాది. "ఎన్నేళ్ళ నుంచి?" అన్నాది. "బొడ్డు కోసిన కాడ్నుంచి" అన్నాను. తప్పేటి? గొప్ప సెప్పుకోడానికి నాకున్నదేటే, నీ పళ్ళు, నా సుట్ట. పళ్ళు ఇయాల పోనాయి.

ఎంతయినాది? రెండూ నలబై. ఇంకా అరగంటున్నాది నాకు.

ఒక ఊసు సెప్పాల. నువ్వు దూది తీసినాక సెప్పలేను. తీసినాక నువ్వు మాటాడతావు, నాను మజ్జిలో ఆపీస్తాను, ఆపినాక ఇంక జన్మలో సెప్పను. అందుకని ఇప్పుడే సెప్పీస్తాను. గిల్లకు. కొంచెం సేపు గిల్లకు.

నువ్వు ఎక్స్‌రే గదిలోకి ఎల్లినావు సూడు, అప్పుడు నన్ను లోపలికి పిలిసినాది డాక్టరమ్మ. కుర్సీ ఏసినాది కూడా. "తాతా, మీ ఊళ్ళో ఇలాగ నిప్పు లోపల పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారా?" అన్నాది. ఎందుకమ్మా అన్నాను. "పుండు కాకముందే అంగిట్లో తెల్లగా వస్తుంది, మచ్చలాగ, ఏది తిన్నా మండుతుంది కూడా. అప్పుడే చూస్తే ఇంత దూరం రాదు. ఇన్ని పళ్ళు పీకక్కర్లేదు. నేనే ఒకరోజు మీ ఊరొచ్చి అందరి నోళ్ళూ చూస్తాను. కాని ఊళ్ళోకొచ్చి అడిగితే సిగ్గుపడి ఎవరూ చెప్పరు. ఈ చుట్టలు చుట్టే మనిషెవరు? అతను దొరికితే చాలు, ఎవరెవరు కాలుస్తున్నారో అతనికి తెలుస్తుంది కదా" అన్నాది.

బుర్రున్న పిల్లే. మునక్కాడ సేతులు గాని, బుర్రున్నాది.

నానేటన్నానో తెలుసునా?

"ఏమోనమ్మా, బజార్లో కొనుక్కుంటాది, ఎవుడు సుడతాడో ఎవుడికెరిక" అన్నాను.

నానే! ఈ నోటితోనే! సంతలో ఇంకెవుడి సుట్టో బాగున్నాదంటే అది కూడా నాదేనని సెప్పుకున్నోణ్ణి. ఎవుడో సుట్టిన సుట్టకి నా పేరు ఎట్టుకున్నోణ్ణి. నా సేత్తో సుట్టి, నా సేత్తో ఎలిగించి, నీ నోట్లో ఎట్టినదానికి, నాది కాదన్నాను. జన్మలో మొదటిసారి గొప్ప సెప్పుకోనేదు సూడు. ఆ కుర్సీ కాలిపోతన్నట్టు లెగిసొచ్చీసినాను.

ఏటే, గిల్లవేటి? ఇప్పుడు గిల్లొచ్చు. గిల్లు.

అలగ నేల సూపులు సూడకు. నాకు అది బాగోదు. తిట్టడానికి నోరు నేదు గాని కాళ్ళున్నాయి కదా, తన్ను. మీసాలాయన సూస్తే సూడనీ.

ఏటి? ఏలెటు సూపిస్తన్నావు? దాహమా? కాదా? బాత్రూమా? అదీ కాదా? మరేటి, ఆ తలుపా? డాక్టరమ్మ గది తలుపా?

ఎల్లి సెప్పమంటావా? నానా? ఇప్పుడా? ఊరెల్లినాక ఫోను సేసి సెప్తానే... సరే, సరే, ఆ ఏలు దించు, అందరూ సూస్తన్నారు.

ఓసోసి, దూది కొరుక్కుని కూడా నెగ్గీసినావు కదే! ఒక్క ముక్క మాటాడకుండా! గంటసేపు నాది రాజ్యమన్నాను, అరగంటకే నువ్వు పట్టుకుపోనావు.

అయితే నాదొక బేరం. నాను ఆ గదిలోకి ఎల్లి "అమ్మా, ఆ మనిసిని నానే" అంటాను. నువ్వు కరెంటుకి రావాల. ముప్పై మూడు రోజులూ. ఒక్కటి తగ్గితే ఒప్పను. తలూపు. అది ఊపడమేనా, ఈగని తోలినావా? ఇంకోపాలి ఊపు. ఆ... ఊపినావు. మీసాలాయన సాచ్చికం.

అయితే అక్కడ ఒరిస్సా జమీందార్లు, టెక్కలి సంతా పనికిరావు. నిజం సెప్పాల. నిజం సెప్పాలంటే, ఎల్లాజీ సుట్ట అడ్డంగా కాల్సినోళ్ళు మన పేటలో పదహారుమంది. నిన్ను తీసీస్తే పదిహేను. అంతేనే. ఒక్కొక్కత్తె నోరు నాకెరికే. ఎవుత్తెకి సన్నంది కావాల, ఎవుత్తెకి పొట్టిది, ఎవుత్తెకి ఘాటైన ఆకు. కాయితం అక్కర్నేదు, కళ్ళు మూసుకుని సెప్పగలను.

సెయ్యొగ్గు మరి, లెగనీ.

ముందు మా అప్ప పేరే సెప్పాల. జగ్గమ్మప్ప. నెల్రోజులై కూర మండిపోతందని కోడల్ని తిట్టిపోస్తన్నాది సూడు. మనం నవ్వుకున్నాం, ముసిల్దానికి తిట్టడానికి సాకు దొరికిందని. మొన్న మనింటికొచ్చి నీకని నువ్వు ఒండుకున్న సప్పటి పప్పు రెండు ముద్దలు తిని, అది కూడా మండుతందని నీళ్ళు తాగినాది.

దాన్లో కారమెయ్యనేదు కదే నువ్వు?