బావమరిది నామినేషన్ తోసిపుచ్చిన రాజుగారు

1985 ఆగస్టు 14న పౌరశాస్త్ర అధ్యాపకులుగా ఉద్యోగప్రవేశం చేసిన శ్రీ డేవిడ్‌రాజు గారు ఈ 2017 జులై 31న పదవీ విరమణ చేస్తున్నారు. విరమణ పదవికే గాని పెదవికి కాదని వారి సతీమణి షీబా గారు మనల్ని ముందే హెచ్చరించారు. పేరులో రాజున్నా, ఆయన జీవితమంతా బోధించినది రాజు లేని రాజ్యాన్నే.

పాతపట్నంలో తొలి కొలువు, నరసన్నపేటలో సుదీర్ఘ సేవ, ఆపైన మన కళాశాల. రాష్ట్రపతి ఎన్నిక పాఠాన్ని ఆయన ఎక్కడా నల్లబల్లకే వదిలిపెట్టలేదు. మన అధ్యాపక సంఘాధ్యక్షుని ఎన్నికనూ అదే పద్ధతిలో నడిపే ఆచారం ఆయన పెట్టినదే: ఓటు రహస్యం, పేర్ల ఎదుట ఒకటి, రెండు అని ప్రాధాన్యాలు, ఎవరికీ సగానికి మించి రాకపోతే అట్టడుగు అభ్యర్థిని తప్పించి, ఆ ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచడం. రాష్ట్రపతి అభ్యర్థి ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉండరాదు గనుక, అదనపు భత్యం పుచ్చుకునేవారు ఇక్కడా అనర్హులే.

2012లో, దేశానికి రాష్ట్రపతి ఎన్నిక జరిగిన జులైలోనే, మన ఎన్నికా వచ్చింది. అప్పటి ప్రిన్సిపాల్ గారు నిలబెట్టిన అభ్యర్థి, హాస్టల్ వార్డెన్ పనికి భత్యం పుచ్చుకుంటున్న అధ్యాపకుడు విక్టర్. సాక్షాత్తు షీబా గారి తమ్ముడు. ఆ నామినేషన్ ఒప్పుకొని, చేతులెత్తించి గెలిపించాలి, లేదా సీతంపేట డెప్యుటేషన్ తప్పదని, ఎన్నికల అధికారిగా ఉన్న రాజుగారికి ప్రిన్సిపాల్ గారి నుంచి కబురొచ్చింది. మంచంపట్టిన తల్లి దేముడమ్మ గారిని విడిచి రోజూ కొండదారి బస్సెక్కడమంటే ఆయనకు తేలిక కాదు.

ఆదివారం ప్రార్థన ముగియగానే విక్టర్ నేరుగా రాజుగారింటికే వచ్చేశారు.

"ఏటి బావా, సొంత మనిషికే అడ్డంపడతావా? ఆ భత్యంతో నేనేటి మేడలు కట్టీసినానా?"

"మేడల సంగతి మేస్త్రీని అడగరా. వార్డెన్ పని ఒగ్గీసి రా, నీ నామినేషన్ కళ్లకద్దుకుంటాను."

"మా తమ్ముడు తినకుండా ఎల్లిపోతే నీ కంచం కూడా తీసీస్తాను, సూడు!" అన్నారు షీబా గారు.

విక్టర్ తినలేదు, రెండు కంచాలూ లేచాయి. మర్నాడు నామినేషనూ లేచిపోయింది. ప్రిన్సిపాల్ గారు మండిపడ్డారు.

"ఇదేమన్నా రాష్ట్రపతి భవనమా?"

"కాదండి. అక్కడికెళ్లాక నేర్సుకుంటే ఆలస్యమైపోతాదని ఇక్కడే నేర్పుతున్నాం."

డెప్యుటేషన్ వచ్చింది. రాజుగారు బస్సెక్కారు, నియమం మాత్రం దిగలేదు, ఆ ఎన్నికలో చేతులూ లేవలేదు. ఒకనాడు పెందలాడే ఇల్లు చేరిన ఆయనకు తల్లి మంచం పక్కన గంజి తాగిస్తూ విక్టర్ కనబడ్డారు.

"కోపం నీ మీద. ముసలమ్మ ఏటి సేసినాది?"

ఆ పూట రెండు కంచాలూ రాజుగారు తన చేత్తోనే పెట్టారు.

తరువాతి ఎన్నికకు విక్టర్ గారు వార్డెన్ పని వదిలి నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచారు. తిరిగొచ్చి ఆ ఓట్లు లెక్కించినది బావగారే. నేటి వీడ్కోలు సభకు అధ్యక్షులు ఆ విక్టర్ గారే.

రాజుగారూ, మీరు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలి. ఎంతటివారొచ్చి "ఈ ఒక్కసారికీ" అన్నా, "కుదరదండి" అనే మీ గొంతు ఈ ఊళ్లో మోగుతూనే ఉండాలి.