స్పార్కు మరిది చేసిన ఇంజను పెట్టె

స్పార్కు మొదట చెప్పింది చిన్నమాటే. కారు ఇంజనును నడిపించే కంప్యూటర్ పెట్టెను ఇంట్లో కూర్చుని తన చేతులతో తనే తయారుచేశానన్నాడు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లాడి తల నిమిరినట్టు నిమురుతూ అన్నాడు.

వదిన నమ్మలేదు. అలాగని కాదనీ అనలేదు. కారు తాళాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఎదురుబల్ల మీద కూర్చుంది.

ఆమె వీధిలో అందరికీ డ్రైవింగ్ టీచరమ్మ, స్పార్కుకు మాత్రం వదిన. ఆమె భర్తకు అతను సొంత తమ్ముడు. చిన్నప్పుడు ప్లగ్గులో మేకు దూర్చి ఇల్లంతా చీకటి చేసిననాడు పడ్డ పేరు స్పార్కు. ఆ తర్వాత అసలు పేరుతో కన్నతల్లి కూడా పిలవలేదు.

వదిన చేతిలోని తాళం ఎందుకంత బిగుసుకుందో తెలియాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పుకోవాలి. ఆమె డ్రైవింగ్ స్కూలంటే ఆ ఒక్క కారే. నేర్చుకునేవాళ్లకు ఒక బ్రేకు, పక్కన కూర్చున్న టీచరుకు ఇంకో బ్రేకు ఉండేలా కట్టించుకున్న కారు. ఆదివారం దాకా గుర్రంలా పరుగెత్తింది. సోమవారం పొద్దున తాళం తిప్పితే గరగరమని తిరుగుతుంది తప్ప అంటుకోదు. మెకానిక్ వచ్చి తీగలన్నీ తడిమాడు, ఒకటి రెండు సామాన్లు మార్చాడు, చివరికి ఇంజను పెట్టె పోయిందని తేల్చాడు. కొత్తది రావాలంటే నెలాఖరు అవుతుందట.

ఇంజనులో పెట్రోలు ఎంత పడాలో, దాన్ని అంటించే నిప్పురవ్వ ఏ క్షణంలో రావాలో లెక్కగట్టి చెప్పేది ఆ పెట్టే. వంటలో ఉప్పూ కారం వేసే చెయ్యి ఎలాంటిదో ఇంజనుకు అది అలాంటిది. పొయ్యి ఉంది, గిన్నె ఉంది, సరుకులన్నీ ఉన్నాయి, వేసే చెయ్యి మాత్రం లేదు. అదీ ఆమె కారు పరిస్థితి.

ఎల్లుండి ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్లకు లైసెన్సు పరీక్ష. అందరూ ఆ కారు క్లచ్చుకే కాలు అలవాటు చేసుకున్నవాళ్లు. వాళ్లలో ఒకామెకు లైసెన్సు చేతికొస్తేనే ఆసుపత్రిలో వ్యాను నడిపే ఉద్యోగం. అప్పుడే ఇద్దరు వెనకవీధిలో కొత్తగా తెరిచిన స్కూలు చుట్టూ తిరుగుతున్నారని వదిన చెవిన పడింది. ఎల్లుండికి కారు కదలకపోతే తన స్కూలు బోర్డు దించేసి ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

అందుకే భర్త ఆ పొద్దున బతిమాలినట్టు అన్నాడు, వాడు ఏనాడైనా మన చెడు కోరాడా, ఒక్కసారి వాడి చేతికిచ్చి చూడమని. చెడు కోరలేదు, నిజమే. కానీ ఆమె లోపల ఒక ముల్లు గుచ్చుకుంటోంది. సోమవారం పొద్దున మెకానిక్ ఇంకా బానెట్ ఎత్తకముందే, "పెట్టె పోయుంటుంది వదినా" అంటూ వచ్చి నిలబడ్డవాడు స్పార్కు. అతనికి ఎవరు చెప్పారు?

ఇంకొకటి. ఇప్పుడు అతని ఒళ్లో ఉన్న పెట్టెకు వేలాడుతున్న ప్లగ్గు అచ్చం తన కారు ప్లగ్గే. ఆ మూల విరిగిన చదరం ఆకారంతో సహా. ఆ మాటే అడిగింది. లోకంలో కార్లన్నిటికీ ఒకటే ప్లగ్గు వదినా అన్నాడు స్పార్కు, రెప్ప కూడా వేయకుండా. నేర్చుకునేవాళ్లు ఎర్రదీపం దాటేసి, పచ్చదే చూశానండీ అన్నప్పుడు ఎలా చెబుతారో సరిగ్గా అలా చెప్పాడు. ఆమె తలూపి ఊరుకుంది. పక్క సీట్లో కూర్చున్నప్పుడు కూడా అంతే, కాలు బ్రేకు మీదే ఉంటుంది, కానీ తొక్కదు. ఎంతదూరం పోతాడో చూస్తుంది.

స్పార్కు టీ గ్లాసు అందుకుని మొదలుపెట్టాడు.

ఈ పెట్టెల్లో కొన్ని ఉన్నాయి, వాటి గుట్టు ఎవరూ దాచుకోరు, ఏ తీగ ఎక్కడ అతకాలో, లోపల ఏ లెక్క నడవాలో అంతా నలుగురూ చూసేలా పెట్టేస్తారు, ఒక దేశంవాడు రాసింది ఇంకో దేశంవాడు దిద్దుతాడు, ఎవరు కావాలంటే వాళ్లు చేసుకోవచ్చు, అర్థమైందా అని దర్జీని అడిగాడు. దర్జీ అతని పక్కింటివాడు, రోజూ ఈ వేళకు కొలతల టేపు మెడలోనే వేసుకుని టీకి వస్తాడు. జాకెట్టు కొలతలు గోడమీద రాసిపెట్టినట్టన్నమాట అన్నాడు దర్జీ. అంతే అంతే అన్నాడు స్పార్కు. ఇంతవరకూ నిజమే. వదిన కూడా ఆ సంగతి మెకానిక్ నోట వినే ఉంది.

"కానీ ఆ లెక్కలో ఒక తప్పుంది. అంతమంది చూశారు, ఒక్కడికీ కనబడలా. నేను పడుకుని పైకి చూస్తుంటే ఫ్యాను మీద కనిపించినట్టు కనిపించింది. దిద్ది పంపించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగకుండానే చెప్పాడు. అన్ని దేశాలవాళ్లూ కూడబలుక్కుని, ఇక మీదట ఒక్క గీత గీయాలన్నా తనని అడగకుండా గీయకూడదని తీర్మానించుకున్నారట. రోజూ పొద్దున్నే పళ్లుతోముకుంటుంటే ఫోన్లు వస్తాయట, నురగ నోటితోనే సరే, కాదు అని చెప్పేస్తాడట.

ఇక ఆ పెట్టెను తన కారుకు బిగించానన్నాడు. స్పార్కుకు ఒక పాత కారుంది, పెరట్లో టార్పాలిన్ కింద. అది కదలగా చూసినవాళ్లు లేరు. నువ్వెప్పుడు తీశావయ్యా దాన్ని అని వదిన అడిగితే, వీధంతా నిద్రపోతున్నప్పుడు తీస్తాను, చప్పుడు ఉండదు కదా అన్నాడు. చప్పుడు లేని ఇంజనా అని ఆమె అనుకుంది. పైకి అనలేదు.

పెట్రోలు లెక్క కాస్త తగ్గించాడట. ఒక టీ గ్లాసుడు పెట్రోలుతో పక్క ఊరు వెళ్లొచ్చాడు. ఇంకాస్త తగ్గించాడు, గరిటెడుతో వెళ్లొచ్చాడు. చూద్దాంలే అని ఇంకొంచెం తగ్గించేసరికి లెక్క సున్నా దాటి అవతలికి పోయింది. అంటే ఏమిటి? ఇంజను తాగడం మానేసి కక్కడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు సగం ఉన్న ట్యాంకు వచ్చేటప్పటికి నిండి, మూత సందుల్లోంచి కారుతోంది. దారిలో కనబడ్డవాళ్లందరికీ సీసాల్లో పట్టి ఇవ్వాల్సి వచ్చింది, లేకపోతే కారు బరువుకు టైర్లు పగిలిపోయేవి.

"మా స్టవ్వుకు ఒక సీసా తేకపోయావా" అన్నాడు కొట్టు పెద్దాయన, గిన్నెలో పాలు కలుపుతూనే.

"తెద్దామనే అనుకున్నా. ఇంతలో నాకు ఇంకో ఆలోచన వచ్చింది."

ఆ ఆలోచన నిప్పురవ్వది. రవ్వ వచ్చే క్షణాన్ని రవ్వంత ముందుకు జరిపితే ఇంజను చురుగ్గా ఉంటుంది, అది అందరూ చేసేదే. స్పార్కు కూడా అలాగే రవ్వంతే జరిపాడు. కారు బాణంలా పోయింది. ఇంకా జరిపాడు. ఆ ఊపుకు కిలోమీటరు రాళ్లు ఒకదానికొకటి అతుక్కుని గోడలా కనబడ్డాయి. ఆగకూడదు కదా, ఇంకా జరిపాడు. మర్నాడు పక్క ఊరు పోదామని చొక్కా వేసుకుని పెరట్లోకి వస్తే కారు లేదు. ఎవడో దొంగ ఎత్తుకుపోయాడని, కాళ్లీడ్చుకుంటూ బస్సులో పోతే, అక్కడ స్టాండులో నిలబడి ఉంది. ఇంజను చల్లగా ఉంది, అద్దాల మీద దుమ్ము కూడా పట్టింది. రవ్వ అంత ముందొచ్చింది మరి. తను బయల్దేరకముందే కారు చేరిపోయింది.

"అంతేనా అంటే అంతే కాదు. కారు పక్కన టీ తాగుతూ ఒకడు నిలబడి ఉన్నాడు. ఎవడా అని చూస్తే నేనే."

దర్జీ కాసేపు ఆలోచించాడు. "ఆ టీ ఎవరు తాగినట్టు మరి?"

"అదే నాకూ తేలలా. కడుపైతే నిండినట్టే ఉంది."

కొట్టు ముందున్నవాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. గుప్పిట్లోని తాళాన్ని ఇంకో చేతికి మార్చుకుంది. వింటున్నకొద్దీ ఇవ్వకూడదనే అనిపిస్తోంది, కానీ ఇవ్వకపోతే ఎల్లుండి ఏం చేయాలో తోచడం లేదు. ఈ కోతల మధ్యలో ఎక్కడో ఒక ముక్క నిజం ఉండకపోదు, అబద్ధాలు చెప్పేవాళ్లకు కూడా మొదలుపెట్టడానికి ఒక నిజం కావాలి కదా అని ఆశ. ఆ ఆశను కూడా ఆమె అనుమానంగానే చూస్తోంది.

"ఇదంతా ఎలా కుదిరింది నీకు? అసలు కిటుకు చెప్పు" అంది.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు స్పార్కు ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

ఇంజను ముందువైపు, చక్రం ఊడదీసి చూస్తే కనబడేచోట, గుండ్రటి ఇనుప బిళ్ల ఒకటి తిరుగుతుంటుంది. దానికి చుట్టూ రంపానికి ఉన్నట్టు పళ్లుంటాయి. పక్కనే కన్నులాంటిది ఒకటి ఉండి, దాటిపోతున్న పళ్లను చూసి పెట్టెకు చెబుతుంటుంది. దాన్నిబట్టే పెట్టె లెక్క నడుస్తుంది. ఇక్కడిదాకా బడిలో పాఠంలా చక్కగా చెప్పాడు.

"అయితే వదినా, ఆ బిళ్లకు ఒకచోట పన్ను లేదు. ఊడిపోయి ఖాళీగా ఉంది. దేశదేశాలవాళ్లూ ఏమని రాశారో తెలుసా? ఆ ఖాళీ కనబడగానే అక్కడ్నించి లెక్క మొదలుపెట్టాలట. పళ్లూడిన బిళ్లను బాగుచేసుకోవడం చాతగాక చెప్పే మాటలు. నేను ఊరుకుంటానా? ఇనుపముక్క కోసి, అరగదీసి, రాయిలా గట్టిపడే లప్పం పెట్టి, ఆ సందులో పన్ను అతికించేశా. ముట్టుకుని చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో బ్రహ్మకు కూడా తెలియదు."

వదిన, రివర్సు పెట్టమంటే కంగారుపడేవాళ్లతో మాట్లాడే గొంతుతో, నెమ్మదిగా అడిగింది.

"అన్నీ ఒక్కలాగే ఉంటే, పెట్టెకు మొదటి పన్ను ఏదో ఎలా తెలుస్తుంది?"

"మంచి పెట్టెకు మొదలూ చివరా అక్కర్లేదు వదినా" అన్నాడు స్పార్కు. "అదే నా ఇంజను గొప్పతనం."

దర్జీ గ్లాసు కింద పెట్టాడు.

"నీ ఇంజనేమిటి స్పార్కూ. మొన్న మా పిల్లి కనబడటంలేదని వెతుక్కుంటూ మీ పెరట్లోకి వచ్చి, ఆ టార్పాలిన్ ఎత్తి బానెట్ తీశాను. ఇంజను ఉండాల్సిన చోట గోనెసంచి పరుచుకుని నాలుగు పిల్లల్ని పెట్టింది. తోకలే తప్ప అక్కడ ఇంకేం లేవు."

కొట్టు పెద్దాయన గరిటె ఆపేశాడు. స్పార్కు పెట్టె మీద లేని దుమ్మును తుడిచాడు.

వదినకు మాత్రం పిల్లి సంగతితో పనిలేదు. ఆమె ఆదివారం దగ్గర ఆగిపోయింది. కడిగిపెడతాను వదినా అని స్పార్కు కారును తన పెరట్లోకి తీసుకుపోయి, పొద్దుపోయాక చప్పుడు లేకుండా తోసుకొచ్చి నిలబెట్టిన ఆదివారం. అంతసేపు ఏం కడిగాడా అని ఆరోజే అనుకుంది, మరుక్షణం మరిచిపోయింది.

"అయితే నువ్వు పన్ను అతికించింది ఏ కారుకి?"

స్పార్కు దర్జీ వైపు చూశాడు, కొట్టు వైపు చూశాడు. చివరికి తన పనితనం దాచుకోలేనివాడిలా, కాస్త గర్వంగానే చెప్పాడు.

"నా పెట్టె కొలతలకని మీ కారు చక్రం ఊడదీశా వదినా. పన్ను ఊడి కనబడింది. చూస్తూ చూస్తూ ఎలా వదిలేయను, మన కారు కదా. నేను చేసింది మరీ బాగా కుదిరింది, మీ పాత పెట్టె ఆ నిండు పళ్లు లెక్కపెట్టలేక తట్టుకోలేకపోయింది. అందుకే కదా రాత్రీ పగలూ కూర్చుని ఈ కొత్తది చేశా."

వదిన లేచి నిలబడింది. కేకలేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె కొట్టు పెద్దాయన వైపు తిరిగి, ఇనుము అరగదీసే ఆకురాయి ఉందా అన్నా అని అడిగింది. ఆయన బెల్లంకత్తి నూరుకునేది తీసి తుడిచి ఇచ్చాడు. ఆమె స్పార్కు ఒళ్లోంచి పెట్టెను తీసి దర్జీ చేతిలో పెట్టి, ఆ స్థానంలో ఆకురాయిని పెట్టింది.

"పద. తాళం నా దగ్గరే ఉంటుంది. నువ్వు కిందకి దూరి, నువ్వు పెట్టింది నువ్వే తీసెయ్."

ఇంటిముందు ముందుచక్రం మళ్లీ ఊడింది. స్పార్కు కాళ్లు రెండూ కారు కింద నుంచి బయటికి కనబడుతున్నాయి, ఆకురాయి చప్పుడు ఆగుతూ సాగుతూ వినబడుతోంది. లప్పం నిజంగానే గట్టిది. ఆ ఒక్క మాటలో మాత్రం కోత లేదు. చివరికి టంగుమని ఏదో నేలమీద పడింది. స్పార్కు బయటికి వచ్చి, మసి మొహంతో పక్కకు నిలబడ్డాడు.

వదిన సీట్లో కూర్చుని తాళం తిప్పింది. గరగరమనలేదు. మొదటి తిప్పుకే అంటుకుని, ఎప్పటి గొంతుతోనే నిలకడగా మోగింది.

ఆమె ఇంజను ఆపేసి, తాళం బయటికి తీసి, మళ్లీ పెట్టి తిప్పింది. సాయంత్రమంతా అతని మాటలు విన్నాక, ఒక్కసారికి నమ్మబుద్ధి కాలేదు.