మూడో ఫోన్

విమానాశ్రయంలో కట్టబోయే కొత్త కమ్యూనికేషన్ సెంటర్ ప్లాన్ మేనేజర్ గారి బల్ల మీద పరిచి ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ అత్యవసర ఫోన్లెత్తుతున్న ఆమెకి అందులో రెండే కుర్చీలు కనిపించాయి.

"మళ్లీ ఇద్దరేనా సార్? చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది."

"కొత్త కంప్యూటర్లొస్తున్నాయి కదమ్మా."

"గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో కంప్యూటర్ చెబుతుందా? అంబులెన్స్ వచ్చేదాకా మనిషి లైన్లోనే ఉండాలి."

"రెండో మనిషి ఉందిగా."

"పోయిన నెలా ఇద్దరమే. ఆవిడ పొగ లేచిన వంటగది వాళ్లతో, నేను లిఫ్టులో ఇరుక్కున్న వాళ్లతో మాట్లాడుతున్నాం. మూడో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది."

"ఎవరు చేశారు?"

"గేటు దగ్గర కూలబడి ప్రాణం పోయిన పెద్దాయన భార్య. ఇప్పటికీ ఫోన్ చేసి, ఆ రోజు ఎందుకెత్తలేదమ్మా అని అడుగుతుంది. ఈసారి మీ నంబరిస్తాను."

ఆయన ప్లాన్ ఆమె వైపు తిప్పి, పెన్సిల్ అందించాడు.

"మూడో కుర్చీ ఎక్కడ పడుతుందో చూపించమ్మా."