ఆ కీచు నాకొక్కనికే ఇనపడలే

"తాతా, యాభై ఏండ్లు బండ్లు రిపేరు చేసినవ్ గద. ఒక్కసారన్న తప్పు చేసినవా? నిజం చెప్పాలె, ఫోన్ల రికార్డు చేస్తున్న."

అరె, గట్ల మూతి ముంగట పెడితే ఎట్ల మాట్లాడాలెనే. జర దూరం పెట్టు. ఆ, గట్ల. తప్పులా? చానా చేసిన బిడ్డ. ఒక ట్రాక్టరుకు ఆయిల్ పొయ్యకుండనే ఇంజన్ చాలు చేసిన, ఒక జీపుకు చక్రం బోల్టులు బిగియ్యక మర్చిపోయిన. అవన్ని మేస్త్రీలందరు చేసేటియే. కడుపుల దాచుకున్న తప్పు మాత్రం ఒక్కటున్నది. ఇంట్ల మీ అవ్వకే తెలుసు, బయట సునీత టీచరమ్మ అసొంటి ఇద్దరు ముగ్గురికి తెలుసు. మీ నాయినకు గూడ ఇంతవరకు చెప్పలే.

గది తెలంగాణ వచ్చినంక రెండో ఏడో, మూడో ఏడో... మీ చిన్నత్తకు బిడ్డ పుట్టిన ఏడు. అయితే రెండో ఏడే. అప్పటికి నా షెడ్డు దేవరకొండల నల్గొండ రోడ్డు మీదుండె. నువ్వు చూసినవ్ గద, చిన్నప్పుడు ఆడ గ్రీజు పూసుకొని మీ అమ్మతోని తన్నులు తిన్నవ్.

దానికంటె ముందుగాల ఒక ముచ్చట చెప్పాలె, లేకుంటే నీకు సమజ్ గాదు. మా బాపు పటేల్ల కాడ జీతముండె. నన్ను గూడ వాళ్ల గొర్లకాడ పెడదామనుకున్నడు. నేను చెప్పకుండ చెయ్యకుండ నల్గొండకు ఉరికిన. బస్టాండు ఎనుక ఖాజా ఉస్తాద్ షెడ్డు ఉండె, ఆయన కాళ్ల మీద పడ్డ. పెట్టుకున్నడు గని, ఆరు నెలలు నన్ను పానా ముట్టనియ్యలే. కండ్లు మూసుకొని ఇనమనేటోడు. ఆయన కాడ యాపకట్టె ఒకటుండె, మూరెడు పొడుగు. ఒక కొస ఇంజన్ మీద పెట్టాలె, ఇంకో కొస చెవుకు ఆనిచ్చుకోవాలె. ఏ జాగల సప్పుడు మారుతాందో చెప్పాలె. తప్పు చెప్తే అదే కట్టెతోని నెత్తి మీద ఒక్కటి ఏసేటోడు. మంచోడే పాపం, సాయంత్రం కాంగనే రొట్టె తినిపిచ్చేటోడు. ఆయన బిడ్డ లగ్గానికి నేనే దగ్గరుండి బండ్లన్ని... సరే, అది వేరే ముచ్చట.

చెప్పొచ్చేదేందంటే, నాకు చెవులే అన్నం పెట్టినయి. దేవరకొండ వచ్చి సొంతంగ షెడ్డు పెట్టుకున్నంక నా ఎదురుంగ చాయ్ హోటల్ ఉండె. ఆడ పందెం కాసేటోళ్లు. రోడ్డు మీద బండి పోతాంటే నేను ఎనుకకు మర్లి కూసుండాలె, చూడొద్దు. అది ఏం బండి, దానికేం బీమారి, చెప్పాలె. "జీపు, ఎడమ దిక్కు ఎనుక చక్రం బేరింగ్ పోయింది" అంటే ఒకడు ఉరికిపోయి డ్రైవరును అడిగొచ్చేటోడు. చాయ్ చారాణ... కాదు కాదు, అప్పటికి ఆఠాణ అయింది. ఎన్నేండ్లు నేను నా పైసలతోని చాయ్ తాగలేదో తెలుసా! గంత గర్వముండె నాకు.

ఇగ టీచరమ్మ. సునీత టీచరమ్మ ఊర్లపొంటి సర్కారు బడిల చెప్పేది. వాళ్లమ్మ కలుపుకు కూలి పోయి చదివిచ్చింది. వాళ్ల ఇండ్లల్ల కారు కొన్నది ఆమెనే మొదలు, మొగోళ్లు గూడ కొనలే. పాత కారే, చిన్నది, ఎర్రది. తోలుడు గూడ తనే నేర్చుకున్నది. ఒకనాడు వచ్చి "మేస్త్రీ, బ్రేకు ప్యాడ్లు అరిగినయంట, బయటి సామాను ఎయ్యి, కంపెనీది నాతోని గాదు" అన్నది. కంపెనీ డబ్బా ఒకటి కొనే పైసలతోని బయటియి మూడు డబ్బాలొస్తుండె. నేనే పోయి బండ్ల సామాన్లమ్మే సేటు దుకాణంల తెచ్చిన.

నీకు ప్యాడంటే తెలుసా? ముంగటి చక్రానికి లోపల ఇనుప పళ్లెం ఉంటది, డిస్క్ అంటరు. బ్రేకు తొక్కితే ఇటొక బిల్ల, అటొక బిల్ల ఆ పళ్లాన్ని ఒత్తిపడ్తయి. ఆ బిల్లలే ప్యాడ్లు. డబ్బా ఇప్పి చూస్తే లోపలి దిక్కు బిల్లకు సన్నటి రేకు ముక్క, నాలుక లెక్క, పక్కకు వంగి ఉన్నది. నేను డ్రమ్ము బ్రేకుల కాలం మనిషిని. జీపులకు, లారీలకు లైనర్లు కొట్టినోణ్ణి. ఈ నాలుక నాకు కొత్త. బయటి మాలు గద, లారీల ఎత్తేసేటప్పుడు వంగిందనుకున్న. ప్లయర్ తోని పట్టి నీట్ గ సాపు చేసిన. కుడి దిక్కుదే చేసిన. ఎడమదాన్ని ప్లయర్ సరిగ పట్టలే, ఇగ గట్లనే ఏసి బిగిచ్చిన.

తెల్లారే వచ్చింది. "మేస్త్రీ, బ్రేకు తొక్కితే కీచుమంటాంది." నేను తోలి చూసిన. ఏం లేదు. "కొత్త బిల్లలు గదమ్మా, నాలుగు రోజులైతే కూసుంటయి" అన్న. నాలుగు రోజులకు మల్ల వచ్చింది. ఇప్పిన, బిల్లలకు కొద్దిగ ఉప్పు కాగితం రుద్దిన, గ్రీజు పెట్టేకాడ పెట్టిన, తోలి చూసిన. నాకైతే సల్లగ, పాల లెక్క ఆగుతాంది. ఆమె పక్క సీట్ల కూసోని "అగో, అగో ఇనొచ్చిందా" అంటది. ఏమొచ్చింది? నాకు మండింది. "అమ్మా, కొత్తగ తోలుతున్నవ్, భయానికి నీకు అన్ని సప్పుళ్లే ఇనొస్తున్నయి" అన్న. ఎంత పెద్ద మాటన్న చూడు. చదువుకున్న మనిషిని, నా బిడ్డ ఈడుది. కారెక్కి పోయింది. నేను అంతటితోని ఊకోలే, సేటు దుకాణానికి పోయి, "నీ డూప్లికేట్ మాలుతోని నా పేరు పోతాంది" అని నలుగురి ముంగట లొల్లి గూడ చేసిన.

మూడోసారి వచ్చింది పగటీలి అన్నం యాళ్లకు. మీ అవ్వ గప్పుడే నాకు సద్ది తెచ్చింది. టీచరమ్మ కారు దూరంగెల్లి రావుడు చూస్తున్న. షెడ్డు ముంగట బ్రేకు కొట్టింది. నాకు ఇంజన్ ఇనొస్తాంది. టైర్ల కింద కంకర నలుగుడు ఇనొస్తాంది. గని మీ అవ్వ సద్దిగిన్నె కింద పెట్టి రెండు చేతులతోని చెవులు మూసుకున్నది. పక్క దుకాణంల మంగలి సైదులు కత్తి చెంప మీదికెల్లి ఎత్తి పట్టుకున్నడు. హోటల్ల చాయ్ తాగేటోళ్లందరు తలకాయలు తిప్పి చూసిండ్రు. ఆ రోడ్డు మీద ఆ సప్పుడు ఇననోణ్ణి నేనొక్కణ్ణే.

భయమైంది బిడ్డ, దాచుకునుడెందుకు. మా బాపు పోయిన్నాడు గూడ గంత భయపడలే. చెవులు పోయిన మేస్త్రి కాడికి బండి ఎవడు తెస్తడు? ఆ వయసుల ఏం పని చెయ్యాలె? మల్ల పటేల్ల కాడికేనా? ఆ కారు తలుపు తీసుకొని టీచరమ్మ దిగేలోపల గివన్ని మతిల తిరిగినయి.

ఇగ ఇను, నా అసలు తప్పు గిదే. నాలుక సాపు చేసుడు కాదు. అది తెల్వక చేసిన. తెలిసి చేసిందేందంటే, ఆమె దిగంగనే "అమ్మా, సప్పుడున్నది, నిజమే. మాలు మంచిది కాదు. నల్గొండకు పోయి కంపెనీ ప్యాడ్లే ఏపిచ్చుకో" అన్న. ఎట్లున్నది? నా ఇజ్జత్ దక్కుతది, తప్పు సామాను మీదికి పోతది. నోట్లెకెల్లి మాట ఎంత సులువుగ వచ్చిందో. ఆమె కారు మీద చెయ్యి పెట్టింది. "అయితే అమ్మేస్త మేస్త్రీ" అన్నది. "ఇంట్ల ముందుగాల్నించి అంటనే ఉన్నరు, ఆడిదానికి కారెందుకని. ఊర్లకు పోతే పోరగాండ్లు చెవులు మూసుకొని నవ్వుతున్నరు."

మీ అవ్వ నా దిక్కు చూసింది. నాకు తెలిసిపోయింది, నా చెవుల సంగతి ఈమెకు తెలుసని. తర్వాత చెప్పింది, పోయినేడు సంది తెలుసంట! కుక్కర్ సీటీ కొడితే లేస్తలేనట, ఫోన్ మోగితే ఎత్తుతలేనట. మొదలు మొదలు "మొగోళ్లకు ఇంట్ల మాట ఇనొస్తదా" అనుకొని ఊకున్నదట. తర్వాత సమజైంది గని, నేను బాధపడ్తనని చెప్పలే. లావు సప్పుళ్లు ఇనొస్తయి, సన్నటియి పోయినయి. దవాఖానల డాక్టర్ తర్వాత గదే చెప్పిండు, సుత్తె దెబ్బల నడుమ బతికినోళ్లకు ముందుగాల సన్నటియే పోతయంట.

అప్పుడన్న. "టీచరమ్మా, ఆగు. మాలుది కాదు. నాకే ఇనొస్తలేదు." సైదులు ఇనేటట్టే అన్న, గొంతు ఎంతున్నదో గూడ నాకు తెల్వదప్పుడు. ఆమె నవ్వుతదేమో, తిడ్తదేమో అనుకున్న. ఏమన్నదో తెలుసా? "మరి నాకు ఇనొస్తాంది గద, ఏం చెయ్యాల్నో చెప్పు" అన్నది. అంతే.

జాకీ పెట్టి ముంగటి చక్రాలు లేపిన. టీచరమ్మను సీట్ల కూసోబెట్టి బ్రేకు ఉత్తగ ఆనిచ్చుమన్న, గట్టిగ తొక్కొద్దన్న. మీ అవ్వను చక్రం కాడ గొంతుకూసోబెట్టిన. నేను చేతితోని చక్రం తిప్పుడు, ఆమె ఇనుడు. ఎడమ దిక్కుది తిప్పితే "ఏం లేదు" అన్నది. కుడి దిక్కుది తిప్పితే "అగో, ఎలుకపిల్ల లెక్క" అన్నది. ఏలు పెట్టి చూసిన. సన్నగ గుంజుతాంది, చీమ పాకినట్టు. చెవుకు రాకున్నా ఏలుకు వచ్చింది. స్క్రూడ్రైవర్ కొసతోని లోపలి బిల్లను ఒత్తిన, "ఇంకా ఉన్నది" అన్నది. బయటిదాన్ని ఒత్తిన, "ఉన్నది". ఆ నాలుకను కొద్దిగ పక్కకు జరిపిన. "ఆగింది! ఆగింది!" అని ఒర్రింది మీ అవ్వ, కోడిపిల్లను పట్టుకున్నట్టు సంబురం.

చక్రం ఇప్పి చూస్తే పళ్లెం మీద సన్నటి గీత, తళతళ మెరుస్తాంది. ఎడమ దిక్కు గీత లేదు. నేను సాపు చెయ్యనిది మంచిగుండె, సాపు చేసిందే అరిచె! దాన్ని మల్ల ముందటి లెక్క వంచి బిగిచ్చిన. సేటు కాడికి పోయి క్షమించమని అడిగినంక చెప్పిండు. ఆ నాలుక కావాల్ననే పెడ్తరంట. బిల్ల అరిగిపోయినప్పుడు అది పళ్లానికి తాకి అరుస్తదంట, బండి తోలేటోళ్లకు తెలవాలెనని. నేను కొత్త బిల్లతోనే అరిపిచ్చిన. సేటు నవ్విండు, చాయ్ తాగిపిచ్చిండు. ఆ చాయ్ మాత్రం నాకు దిగలే.

మర్నాటి సంది మీ అవ్వ సద్ది తెచ్చి ఎనుకకు పోలే. స్టూల్ ఏసుకొని షెడ్డులనే కూసునేది. ఎవరన్న అడిగితే "ఇంట్ల పొద్దు పోతలేదు" అనేది. నేను చెయ్యి పెడ్త, ఆమె ఇంటది. ఆమెకు మా పేర్లు రావు గద, అన్నిటికి తన పేర్లే. బేరింగ్ పోతే "ఇసుర్రాయి" అనేది. బెల్టు జారితే "మీ చిన్నత్త ఏడుపు" అనేది. గిరాకులకు సమజ్ గాకపోయేది, నాకు మాత్రం ఖాజా ఉస్తాద్ చెప్పినట్టే ఇనొచ్చేది. టీచరమ్మ ఆ ఎర్ర కారును ఆరేండ్లు తోలింది. ఆ బండి ఒక్క సర్వీసు ఇంకోతాన చేపియ్యలే.

మీ అవ్వ పోయిన ముచ్చట నీకు తెలిసిందే. దినాలైనంక షెడ్డు తెరిచిన. ఒక జీపు వచ్చింది. చక్రం లేపిన, తిప్పిన, చెయ్యి పెట్టిన. "ఎట్లున్నదే?" అని అడిగిన. అలవాటు గద. అడిగి, స్టూల్ దిక్కు చూసిన. జీపాయనకేం తెలుసు పాపం, "నన్నా మేస్త్రీ?" అన్నడు. గా పూటనే షెటర్ గుంజిన బిడ్డ, మల్ల తెరవలే. మోకాళ్ల నొప్పులని అందరికి చెప్పిన. మీ నాయినకు గూడ గదే చెప్పిన. మోకాళ్లు మంచిగనే ఉన్నయి.

సల్లగ బతుకు తల్లీ. నీకు ఇనరానిది ఇనేటోళ్లు ఒక్కరన్న పక్కన దొరకాలె నీకు. "నాకు ఇనొస్తలేదు" అని చెప్పేటందుకు నా లెక్క ముసలితనందాంక ఆగకు, పడుసుతనంలనే చెప్పు. ఇగ బంజెయ్ గా ఫోను. ఏందే? ఏమన్నవ్? జర గట్టిగ చెప్పు బిడ్డ...