రాక్షసుడి ఆరోవేలు

టీ కొట్టు బల్ల మీద మావయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఆ పూటకి నిజం సెలవు పెట్టినట్టే. అది తెలిసే మేనకోడలు సంచి ఒళ్లో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. సోమవారం ఆమె జిరాక్స్ మిషన్ వస్తోంది. దాన్ని పెట్టాల్సిన ముందుగదిలో పాతికేళ్లుగా మావయ్యగారి భూతాలు కాపురముంటున్నాయి. పాత రాక్షసుల సినిమాల పోస్టర్లు, టికెట్టుతో పాటు ఊరికే పంచిన అట్ట ముఖాలు, థియేటర్ గుమ్మానికి కట్టిన కోరలు. మనుషులే ఒదిగి నడవాలి.

"అది గది కాదు, మ్యూజియం," అన్నాడు పొద్దున. "అందులో ఒక్కదాని కథ ఉత్తదని తేలినా ఈరోజే ఖాళీ చేస్తా. పద, నలుగురిలో తేల్చుకుందాం."

ఆ నలుగురి కోసమే ఇక్కడికొచ్చారు.

"తియ్యి అమ్మడూ," అన్నాడు. ఆమె సంచిలోంచి నల్లటి రబ్బరు చేయి తీసి బల్ల మీద పెట్టింది. మోచేతి దాకా ఉంది. ఆరు వేళ్లు. వాడిపోయిన వంకాయలా ముడతలు.

"మూసేసిన థియేటర్లో మెట్ల కింద దొరికింది. చీపురుతో లాగితే వచ్చింది," అన్నాడు మావయ్య వినయంగా.

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

"అంతే అయితే నీకెందుకు చెప్తానయ్యా? అవతల్నుంచి ఎవరో లాగుతున్నారు. నేనిటు, అది అటు, మెట్లు కదిలాయి, బాల్కనీ ఓ పక్కకి ఒరిగింది, దాన్ని భుజంతో ఆపి, రెండో చేత్తో దీన్ని పట్టుకుని... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మధ్యలో టీ తాగావా మావయ్యా?"

"తాగాను. అడ్డు రాకు. తెర చీల్చుకుని రాక్షసుడొచ్చాడు. వేషం వేసినవాడు కాదు, అసలువాడు. తాటిచెట్టంత."

"మరి పైకప్పు?"

"వంగి నిలబడ్డాడు. మర్యాదస్తుడు. మూడు పగళ్లు కుస్తీ. వాడు విసిరితే మేఘానికి తగిలి నా నెత్తి బొప్పి కట్టింది, కిందపడుతూ వాడి చెయ్యి పట్టుకున్నా, ఊడొచ్చేసింది. ఏడ్చాడు పాపం. 'అన్నా, ఎడంచెయ్యేగా, ఉంచుకో' అన్నాడు. ఇప్పటికీ ఏ సినిమా ఒప్పుకోవాలన్నా నన్నడుగుతాడు."

"ఆరు వేళ్లేంటి?" అడిగాడు టీ కొట్టాయన.

"వాళ్ల లోకంలో అంతే. ఆరోది వీపు గోక్కోవడానికి."

"అరచేతిలో ఈ ఇత్తడి ముక్క?" అంది మేనకోడలు.

"ఫిరంగి గుండు. సైన్యం పేల్చింది. వాడు పీకేయబోతే నేనే వద్దన్నా, చరిత్ర పాడవుతుందని."

"ఇది ఉత్తదైతే గది నాదేగా?"

"ఈరోజే. అందరూ వినండయ్యా."

అందరికంటే శ్రద్ధగా విన్నవాడు పక్క కొట్టు పంక్చర్ తాత. ఖాళీ గ్లాసు దింపి, తన కొట్లోకెళ్లి గాలిపంపుతో వచ్చాడు. ఎవరినీ అడగలేదు. గొట్టాన్ని ఆ ఫిరంగి గుండుకి తగిలించి నాలుగు దెబ్బలు కొట్టాడు. ముడతలు విచ్చుకుని ఆరు వేళ్లూ నిటారుగా లేచాయి. తాత వేలికి ఉమ్మి తడి చేసుకుని ఇత్తడి మీద రాసి, బుడగ వస్తుందేమోనని వంగి చూశాడు. రాలేదు.

"ముప్పై ఏళ్లయినా వాల్వు కారట్లేదు," అన్నాడు మురిసిపోతూ. "లారీ ట్యూబు. రాక్షసుడి సినిమా మొదటివారం గుమ్మానికి కడతానని థియేటర్ మేనేజరు నాతోనే చేయించాడు."

"మరి ఆరోవేలు?" అడిగింది మేనకోడలు మెల్లిగా.

"లెక్క తప్పి ఆరు ముక్కలు కోశానమ్మా. మంచి ట్యూబు. పారేయబుద్ధి కాలేదు."

టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగాడు. అతని భుజాలు మాత్రం ఊగుతున్నాయి. మావయ్య గ్లాసెత్తి, అందులో లేని టీని చాలాసేపు తాగాడు.

"ఇంతకీ తాతా, ఆ ట్యూబు ఏ లారీదనుకున్నావ్?" అన్నాడు గ్లాసు దించి. "లోయలో పడబోతుంటే నేను ఒంటిచేత్తో... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మేనకోడలు అప్పటికే లేచి, ఉబ్బిన చేతిని అతని చంకలో పెట్టేసింది.

"నడుస్తూ చెప్పు మావయ్యా. ముందు ఆ గదిలో కోరలు దించాలి."